రెండోసారి అడిగే మనిషి

అంకుల్ పోయారన్న కబురు నాకు ఆఫీసు పార్కింగ్‌లో తెలిసింది. కారు దిగి, కాఫీ కప్పు కారు పైన పెట్టి, బ్యాగు భుజానికి తగిలించుకుంటుంటే ఆంటీ ఫోన్ చేశారు. ఆవిడ పొద్దున పూట ఎప్పుడూ చెయ్యరు. "మీ అంకుల్ లేరమ్మా" అన్నారు. ఎక్కడికి వెళ్ళారని అడిగాను నేను. అంత తెలివితక్కువ ప్రశ్నకి కూడా ఆవిడ ఓపిగ్గా జవాబు చెప్పారు. చలికాలం పడవ మీద కప్పిన కవరు విప్పడానికి ముందురోజు సాయంత్రం పడవల్ని ఒడ్డుకెక్కించి ఉంచే యార్డుకి వెళ్ళారట. సగం విప్పి, కాసేపు కూచుందామనుకున్నారేమో, పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు మీద కూచున్నారట. యార్డు గేటు మూసే మనిషి వచ్చి పలకరిస్తే పలకలేదట. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు.

నాకు ఏడుపు కంటే ముందు సిగ్గు వచ్చింది. ఇలా రాసుకోవడానికి మొహం చెల్లడం లేదు కానీ జరిగింది అదే.

అంతకు కొన్ని వారాల ముందు నేనే అంకుల్‌కి ఫోన్ చేశాను. కవరు విప్పడానికి రానా అని అడిగాను. వద్దన్నారు. సరే అన్నాను. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది, అడిగావు, ఆయన వద్దన్నాడు, అయిపోయింది కదా అని మీరనొచ్చు. కానీ అంకుల్ ఒక్కసారి అడిగితే ఊ అనే మనిషి కాదు. ఆ సంగతి ఆంటీ తర్వాత అందరికంటే బాగా తెలిసింది నాకే. తెలిసి తెలిసి నేను రెండోసారి అడగలేదు. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని ఇక్కడి తెలుగువాళ్ళు అడిగారు. మంచి మాటలకి కొదవేమీ లేదు. ఈ ఒక్కటి దాచిపెట్టి అవన్నీ రాస్తే మాత్రం అది నా గురించి నేను రాసుకున్న మెచ్చుకోలు అవుతుంది. అందుకని ముందే చెప్పేశాను.

నేను చదువుకోవడానికి వరంగల్ నుంచి కెనడాలోని సార్నియా వచ్చింది జనవరిలో. చలి గురించి అందరూ చెప్పారు గానీ బస్సుల గురించి ఎవరూ చెప్పలేదు. ఒక ఆదివారం బియ్యం బస్తా, ఉల్లిపాయల సంచి కొనుక్కుని స్టోరు బయట నిలబడ్డాను. వేళ్ళు మొద్దుబారి, అవి నా వేళ్ళేనా అని అనుమానం వచ్చే సమయానికి ఒక కారు వచ్చి ఆగింది. పెద్దాయన ఒకరు అద్దం దించి, "తెలుగమ్మాయివా?" అని అడిగారు. అవునన్నాను. ఎక్కు, దింపేస్తాం, మా ఆవిడ కూడా ఉంది అన్నారు. పక్క సీట్లోంచి ఆంటీ చెయ్యి ఊపారు.

"వద్దంకుల్, బస్సొస్తది" అన్నాను. ఆదివారం ఆ వేళప్పుడు బస్సు రాదని నాకు తెలుసు. అయినా నోరు అలాగే అంది. కారు వెళ్ళిపోయింది. ఆ వెనక లైట్లు చూస్తూ నన్ను నేను తిట్టుకున్న తిట్లు మా నాయనమ్మ కూడా తిట్టి ఉండదు. ఆ కారు పార్కింగ్ అంతా ఒక చుట్టు చుట్టి మళ్ళీ నా ముందుకొచ్చి ఆగింది.

"రెండోసారి అడుగుతున్నా. ఎక్కెయ్" అన్నారాయన.

బియ్యం బస్తాతో సహా ఎక్కేశాను. అప్పటికే ఆంటీ పగలబడి నవ్వుతున్నారు. దారిలో ఆయన నాకు తన సిద్ధాంతం చెప్పారు. "మనవాళ్ళని ఒక్కసారి అడగడం అంటే అడగనట్టేనమ్మా. మొదటిసారి వద్దనడం వాళ్ళ మర్యాద. రెండోసారి అడగడం మన మర్యాద." మరి అక్కడే నిలబడి రెండోసారి అడగొచ్చు కదా, చుట్టు తిరిగి రావడమెందుకని ఆంటీ అడిగారు. ఒకవేళ నిజంగానే వద్దేమో, ఆలోచించుకోవడానికి పిల్లకి టైమివ్వాలి కదా అన్నారు. అంకుల్ మర్యాద అంత పద్ధతిగా ఉండేది.

ఆ ఏడాదే ఆయన కెమికల్ ప్లాంటులో రిటైరయ్యి పడవ కొన్నారు. పడవంటే గొప్పగా ఊహించుకోకండి. మా అందరికంటే వయసులో పెద్దదైన తెరచాప పడవ. లోపల ఇద్దరు ఇరుక్కుని పడుకోవచ్చు, మూడో మనిషి ముడుచుకుని పడుకోవచ్చు. ఆ మూడో మనిషిని నేను. వాళ్ళ అబ్బాయి కాల్గరీలో ఉంటాడు, పడవ ఫోటో చూసినా అతనికి కడుపులో తిప్పుతుంది. అంకుల్ గోదావరి ఒడ్డున లాంచీల రేవు పక్కన పుట్టి పెరిగిన మనిషి. ప్లాంటులో ఉన్నన్నాళ్ళూ నీళ్ళని కిటికీలోంచే చూశానని, ఇక వాటి మీదే ఉంటానని ఆంటీకి చెప్పేశారు. పడవకి 'పిన్ని' అని పేరు పెట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో వెనక రాయించారు. అమ్మ అని పెట్టకపోయారా అంటే, "అమ్మయితే ఆలస్యంగా వెళ్తే తిడతాదమ్మా. పిన్ని ముందు అన్నం పెడతాది" అన్నారు.

ప్రతి వేసవిలో పిన్ని ప్రయాణం ఒకటే, హ్యూరాన్ సరస్సు ఒడ్డు వెంబడి. సార్నియా నుంచి గ్రాండ్ బెండ్, అక్కణ్ణుంచి బేఫీల్డ్, ఆ తర్వాత గోడరిచ్. గాలి బాగుంటే ఇంకా పైకి కిన్‌కార్డిన్ దాకా. కారులో వెళ్తే ఈ ఊళ్ళన్నీ ఒక పూటలో చూసి ఇంటికొచ్చి వంట చేసుకోవచ్చు. మేము వారం, పది రోజులు తీసుకునేవాళ్ళం. పడవకి తొందర లేదు, మనకే అనేవారు అంకుల్.

సార్నియా రేవు నదిలో ఉంది. సరస్సులోకి పోవాలంటే అమెరికాకి వెళ్ళే పెద్ద వంతెన కింద నుంచి ప్రవాహానికి ఎదురు వెళ్ళాలి. హ్యూరాన్ సరస్సు నీళ్ళన్నీ ఆ ఇరుకులోంచే కిందికి దిగుతాయి. పిన్ని ఇంజను చిన్నది. ఎంత రొద చేసినా ఒడ్డు మీద నడిచే ముసలివాళ్ళు మమ్మల్ని దాటిపోయేవాళ్ళు. ఆ కాసేపూ అంకుల్ ఎవర్నీ మాట్లాడనిచ్చేవారు కాదు. ఇంజను మీద చెయ్యి వేసి, "ఇంకొంచెం, ఇంకొంచెం తల్లీ" అని బతిమాలేవారు. వంతెన నీడ దాటి సరస్సు కనబడగానే తెరచాప ఎత్తి, ఇంజను ఆపి, లోపల్నుంచి లుంగీ తెచ్చుకుని కట్టుకునేవారు. అప్పుడు ఆంటీ పులిహోర డబ్బా మూత తీసేవారు. ప్రయాణం మొదలైనట్టు లెక్క.

ఆ లుంగీ నాకు నచ్చేది కాదు. సరస్సు మధ్యలో ఎవరు చూస్తారు, ఫరవాలేదు. రేవులోకి వచ్చేటప్పుడు మాత్రం నా ప్రాణం కటకటలాడేది. తెల్లటి షార్ట్స్ వేసుకుని, చల్లని డ్రింకులు పట్టుకుని పడవల మీద కూచున్న జనం మధ్యలోకి, ఆకుపచ్చ గళ్ళ లుంగీ ఎగ్గట్టిన అంకుల్, లోపల్నుంచి ఈలవేసే ప్రెషర్ కుక్కరు, ముందు భాగంలో నేను. మొదటి ఏడాది గ్రాండ్ బెండ్ ముందు ఇంక ఆగలేక, పాంటు వేసుకోండంకుల్ అని చెప్పేశాను. ఆయన చుక్కాని ఆంటీకి ఇచ్చి గబగబా లోపలికెళ్ళి మార్చుకొచ్చారు. ఆ తర్వాత నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. ఏ ఊరి రేవైనా దూరంగా కనబడగానే "అమ్మాయి పాంటు టైమయింది" అని లేచేవారు. అప్పుడు నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

రేవులో ఆయనకి అన్నిటికంటే నచ్చింది తాడు అందుకోవడం. పడవ డాక్ దగ్గరికి, అంటే పడవలు కట్టే చెక్కగట్టు దగ్గరికి, వస్తుంటే చుట్టుపక్కల ఎవరుంటే వాళ్ళు లేచొచ్చి చేతులు చాపుతారు. మనం తాడు విసిరితే పట్టుకుని గుంజకి చుడతారు. వాళ్ళెవరో మనకి తెలియదు, మనమెవరో వాళ్ళకి తెలియదు. తినే పళ్ళెం పక్కన పెట్టి వస్తారు. ఇది సరస్సు మీది ఊళ్ళ పద్ధతి. మా రేవులో లాంచీ తాడు పట్టుకోవడానికి జీతగాడుండేవాడు, ఇక్కడ లాయర్లు, డాక్టర్లు పట్టుకుంటున్నారు చూడు అని అంకుల్ మురిసిపోయేవారు. నాకు తాడు విసరడం నేర్పింది ఆయనే. "అందుకునేవాడి మొహం చూడకు, చేతులు చూడు. చేతుల్లోకి విసురు." అన్నం తింటూ తింటూ ఇంకో పడవ వస్తుంటే చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తేవారు. పులిహోర చేత్తో పట్టుకున్నందువల్ల ఎంతమంది తాళ్ళు పసుపు రంగయ్యాయో తెలియదు.

ఇక అసలు సంగతికి వస్తాను. రెండో వేసవో మూడో వేసవో, గ్రాండ్ బెండ్ నుంచి బేఫీల్డ్ వెళ్తున్నాం. గాలి పడిపోయింది. ఇంజను పెడదామంటే అది దగ్గి, ఉమ్మి, ఊరుకుంది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఒడ్డు కనబడుతోంది గానీ ఈదుకుంటూ వెళ్ళేంత దగ్గర కాదు. ఇంతలో ఒక మోటారు బోటు మమ్మల్ని చూసి దగ్గరికొచ్చింది. అందులో భార్యాభర్తలు, ఇద్దరూ అంకుల్ వయసువాళ్ళే. అంతా బానే ఉందా, తాడు కట్టి లాక్కెళ్ళమంటారా అని ఆయన అడిగాడు.

అంకుల్ లేచి నిలబడి, చెయ్యెత్తి, మొహమంతా నవ్వు చేసుకుని, అక్కర్లేదు, మేము బ్రహ్మాండంగా ఉన్నాం, థాంక్యూ అని చెప్పారు. ఆ బోటాయన కూడా చెయ్యెత్తి, హాయిగా గడపండి అని, ఇంజను పెంచి వెళ్ళిపోయాడు.

అంకుల్ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. "అదేంటి, వెళ్ళిపోయాడు?" అన్నారు.

"మీరేగా వద్దన్నారు" అన్నారు ఆంటీ.

"ఒక్కసారేగా అడిగాడు!"

ఆ మధ్యాహ్నం ఆంటీ ఆయన్ని ఏమేం అన్నారో రాస్తే బాగుండదు. వేసవిలో ఆ సరస్సు మీద ఒక రకం ఈగలుంటాయి. చూడటానికి ఇంట్లో తిరిగే ఈగల్లాగే అమాయకంగా ఉంటాయి, చీలమండల్ని మాత్రం కుక్కల్లా కరుస్తాయి. ముగ్గురం కాళ్ళకి దుప్పట్లు చుట్టుకుని ఎండలో కూచున్నాం. నిజానికి ఆంటీ ఆయన్ని తిడుతుంటే నాకు లోపల గుచ్చుకుంటోంది. ఆ బోటాయన అడిగినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. నాకూ నోరుంది. మాకు సాయం కావాలని నేనూ అనలేదు. పెద్దాయన వద్దన్నాక నేను కావాలంటే ఏం బాగుంటుంది అనుకున్నాను. ముగ్గురం తెలుగువాళ్ళం, ఒకరి మర్యాద చూసి ఒకరం నీళ్ళ మధ్యలో ఉండిపోయాం.

పొద్దు వాలుతుండగా కాస్త గాలి లేచింది. దాని దయ వల్ల మెల్లగా బేఫీల్డ్ చేరాం. డాక్ మీద చేతులు చాపి నిలబడ్డది ఎవరనుకున్నారు, ఆ మోటారు బోటాయనే. తాడు అందుకుంటూ, బ్రహ్మాండంగా ఉన్నామన్నారు కదా, ఇంత ఆలస్యమైందేం అని అడిగాడు. అంకుల్ దాచలేదు. గట్టు మీద దిగి, చేతులు కట్టుకుని, జరిగింది జరిగినట్టు చెప్పారు. మా వైపు మొదటిసారి అడగ్గానే ఒప్పుకుంటే ఆశపోతు అనుకుంటారు, మీరు ఇంకోసారి అడిగి ఉంటే ఎగిరి గంతేసేవాణ్ణి అన్నారు. ఆ దంపతులు ముందు నమ్మలేదు. నమ్మాక నవ్వడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. నవ్వాక మాత్రం ఆవిడ కళ్ళు తుడుచుకుని, మిమ్మల్ని అలా వదిలేసి వచ్చాం, క్షమించండి అంది. ఆవిడ తప్పేం ఉంది ఇందులో? అయినా అంది.

వాళ్ళది గోడరిచ్. ఆయన అక్కడి ఉప్పు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. సరస్సు అడుగున ఉప్పు తవ్వుతారని ఆయన చెబితే ఆంటీ చాలాసేపు నమ్మలేదు, పైనేమో మంచినీళ్ళు, కిందేమో ఉప్పా అని. ఆ తర్వాత ప్రతి వేసవిలో గోడరిచ్‌లో వాళ్ళ పక్కనే మా పడవ కట్టేవాళ్ళం. సాయంత్రం పులిహోర వాళ్ళ బోటులోకి, చెర్రీ పళ్ళు పెట్టి కాల్చిన వాళ్ళ 'పై' మా పడవలోకి వెళ్ళేవి. అక్కడ ఇంకో తంటా. ఆవిడ చాలు అంటే నిజంగానే చాలు. ఆంటీ వినేవారు కాదు, ఇంకో రెండు గరిటెలు వేసేవారు. పాపం ఆవిడ మూడు వేసవులపాటు పొట్ట పట్టుకుని తిన్నది. వాళ్ళు మా కోసం రెండోసారి అడగడం నేర్చుకున్నారు గానీ మేము వాళ్ళ కోసం ఒక్కసారితో ఆపడం నేర్చుకోలేదు.

అంకుల్ మాత్రం ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నారు. ఎవరి పడవ వస్తున్నా డాక్ చివర నిలబడి, తాడు అందుకోనా అని అడిగేవారు. వాళ్ళు అక్కర్లేదు, చూసుకుంటాం అంటే, కదలకుండా అక్కడే నిలబడి, చేతులు అలాగే చాపి, "సెకండ్ టైమ్ ఆస్కింగ్!" అని అరిచేవారు. ఆయన ఇంగ్లీషు అదే. జనం మొదట తికమకపడేవాళ్ళు, తర్వాత నవ్వేవాళ్ళు, ఆ తర్వాత తాడు విసిరేవాళ్ళు. వాళ్ళలో సగం మందికి సాయం నిజంగానే కావాల్సి ఉండేదని అంకుల్ వాదన. "మొహమాటం మనకొక్కళ్ళకే ఉందనుకోకమ్మా. వాళ్ళకీ ఉంటాది. వాళ్ళది బయటికి కనబడదంతే."

ఈ మాట నేను సరిగ్గా వినలేదు. ఎందుకంటే అప్పటికి నేను మొహమాటాన్ని వదిలించుకునే పనిలో ఉన్నాను. చదువైపోయింది, లండన్‌లో ఉద్యోగం వచ్చింది. ఇంగ్లండులో లండన్ కాదు, సార్నియాకి గంట దూరంలో ఉన్న మన లండన్. ఆఫీసులో కాఫీ కావాలా అంటే వద్దు, వద్దు అని ఎండిపోయిన నోటితో ఎన్ని మీటింగుల్లో కూచున్నానో నాకే తెలుసు. పని ఎక్కువగా ఉందా అని మేనేజరు అడిగితే లేదు, ఫరవాలేదు అని ఎన్ని శనివారాలు పోగొట్టుకున్నానో. అందుకని నేర్చుకున్నాను. కావాలంటే కావాలి అనడం, వద్దంటే వద్దు అనడం. ఎదుటివాళ్ళు వద్దంటే దాన్ని వద్దుగానే తీసుకోవడం. కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలకి దీని మీద పాఠాలు కూడా చెప్పాను. ఇక్కడ రెండోసారి ఎవరూ అడగరు, మొదటిసారే చెప్పండి అని. ఆ పాఠం చెప్పేటప్పుడు నా గొంతులో ఎంత గర్వం ఉండేదో తల్చుకుంటే ఇప్పుడు చెవులు మూసుకోవాలనిపిస్తుంది.

పడవ మీదికి వెళ్ళడం తగ్గింది. పోయిన వేసవిలో ఒక్కసారే వెళ్ళాను, అదీ బేఫీల్డ్ దాకా. దారంతా ఫోన్ చూసుకుంటూనే ఉన్నాను. మర్నాడు ఆఫీసు ఉందని బేఫీల్డ్‌లో దిగిపోయి, ఫ్రెండ్ కారులో వెళ్ళిపోయాను. గోడరిచ్ ఇంక కాస్త దూరమే, వస్తే బాగుండేదని అంకుల్ అన్నారు. మళ్ళీ అదే మాట కొంచెం మార్చి రెండోసారి కూడా అన్నారు. రెండుసార్లూ వీల్లేదనే చెప్పాను. కారు మలుపు తిరిగేదాకా ఆయన డాక్ చివర నిలబడే ఉన్నారు. పాంటు వేసుకునే ఉన్నారు.

ఏప్రిల్‌లో నేను చేసిన ఫోన్ ఇది. మాటలు నాకు బాగా గుర్తున్నాయి, మర్చిపోదామన్నా వీలవడం లేదు.

"అంకుల్, ఈసారి కవరు విప్పడానికి నేను రానా?"

"ఎందుకమ్మా, నీకు బోల్డు పని. నేను చూసుకుంటాలే."

ఒక క్షణం ఆగారు. తర్వాత, "కవరు కొంచెం బరువే గానీ... అలవాటేగా" అన్నారు.

ఆ ఆగిన క్షణం నాకోసం ఆగింది. పార్కింగ్ అంతా తిరిగొచ్చేంత టైము నాకిచ్చారు. అది నాకు అర్థమైంది కూడా. అర్థం కాలేదని బుకాయించుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. "సరే అంకుల్, జాగ్రత్త" అన్నాను. ఫోన్ పెట్టేశాక నాకు హాయిగా అనిపించింది. వారాంతం మిగిలింది. అడగాల్సింది అడిగేశాను, ఆయనే వద్దన్నారు, ఇక నా మీద మాట లేదు అనుకుని మంచం మీద దుప్పటి లాక్కుని పడుకున్నాను. నా సిగ్గంతా ఆ హాయి గురించే. నేను ఉండి ఉంటే ఆయన బతికేవారని అనడం లేదు. గుండె ఎక్కడున్నా ఆగేదే అన్నారు డాక్టర్లు, ఆంటీ కూడా అదే అన్నారు. కానీ ఆ సాయంత్రం కవరు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి ఉండేది.

అంత్యక్రియలైన నాలుగైదు రోజులకి ఆంటీతో కూచుని ఈ ఫోన్ సంగతి చెప్పాను. ఆవిడకి ముందే తెలుసు. ఆ రోజు ఫోన్ పెట్టేసి అంకుల్ నవ్వారట. "మన అమ్మాయి పక్కా కెనడా అమ్మాయి అయిపోయిందే" అన్నారట. బాధగా అన్నారా అని అడిగాను. "లేదమ్మా, గర్వంగానే అన్నారు. ఇంక దీనికి ఈ దేశంలో ఏ లోటూ ఉండదు అన్నారు" అన్నారు ఆంటీ. ఆయన బాధపడ్డారని చెప్పి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేదేమో. తల దించుకునే కూచున్నాను. ఆంటీ టీ పెట్టి తెచ్చారు, వద్దనకుండా తాగాను.

పడవని ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. గోడరిచ్ దంపతులకి ఇచ్చెయ్యాలని ఆంటీ నిర్ణయించారు, వాళ్ళయితే అంకుల్ చూసుకున్నట్టే చూసుకుంటారని. ఆ పెద్దాయన జులైలో సార్నియా వచ్చి, పడవని నీళ్ళలో దింపించి, ఇంజను సరిచేశాడు. ఆంటీ ఆఖరిసారి దాని మీద వెళ్తానన్నారు. నేనూ వస్తానన్నాను. నీకు ఆఫీసు, ఎందుకులే అన్నారు ఆంటీ. రెండోసారి అడిగాను. సరే అన్నారు. ఇంత చిన్న పని అది. నోట్లోంచి ఇంకో ముక్క మాట రావడం అంతే.

వంతెన కింద ఇంజను రొద చేస్తుంటే ఎవరమూ మాట్లాడలేదు. నేను దాని మీద చెయ్యి వేసి ఉంచాను. సరస్సులోకి రాగానే ఆంటీ పులిహోర డబ్బా తీశారు. అంకుల్ లుంగీ లోపల అరలో మడిచి ఉంది, దాన్ని ఎవరూ కదపలేదు. గ్రాండ్ బెండ్‌లో ఒక రాత్రి, బేఫీల్డ్‌లో ఒక రాత్రి ఉన్నాం. రెండు చోట్లా డాక్ మీద ముక్కూ మొహం తెలియనివాళ్ళు పడవ పేరు చదివి, ఆయన రాలేదా అని అడిగారు. ఆంటీయే చెప్పుకున్నారు. నేను తాళ్ళు కడుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను.

గోడరిచ్ చేరేసరికి ఎండ తగ్గింది. గట్టు మీద ఊరు, కింద ఉప్పు ఓడ ఒకటి, ఆ పక్కన మా డాక్. పెద్దాయన చుక్కాని పట్టుకున్నాడు, ఆంటీ ఆయన పక్కన కూచున్నారు, నేను పడవ ముందు భాగంలో తాడు చుట్టతో నిలబడ్డాను. డాక్ చివర పెద్దాయన భార్య ఒక్కతే ఉంది. తెల్లజుట్టు గాలికి రేగి కళ్ళ మీద పడుతోంది. మా కోసం ఎప్పట్నుంచి చూస్తోందో.

తాడు అందుకోనా అని అడిగింది.

ఎన్నో ఏళ్ళు కష్టపడి నేర్చుకున్నదంతా ఎటు పోయిందో, నా నోట్లోంచి అక్కర్లేదు అని వచ్చింది. మేము బానే ఉన్నాం, నేను దూకి కట్టేస్తాను అన్నాను. నేను దూకలేనని నాకూ తెలుసు, ఇంకా చాలా నీళ్ళున్నాయి మధ్యలో. బియ్యం బస్తా పట్టుకుని బస్సొస్తుందని చెప్పిన పిల్లనే నేను, ఎక్కడికీ పోలేదు.

ఆవిడ వెనక్కి తగ్గలేదు. అక్కడే, డాక్ అంచునే, చాపిన చేతులు చాపినట్టే ఉంచి నిలబడింది. ఆవిడ కళ్ళలోకి చూడటానికి నాకు మొహం చెల్లలేదు, చేతులే చూశాను.

"సెకండ్ టైమ్ ఆస్కింగ్" అంది.

తాడు విసిరాను.